సినిమా హాల్లో నా కాళ్ళ దగ్గర లాబ్రడార్

హోస్ట్: నమస్కారం అండీ. ఈ వారం మనతో న్యూజెర్సీ నుంచి ఒక అక్క ఉన్నారు. చూపు లేదు, గైడ్ డాగ్‌తో తిరుగుతారు, కొత్త తెలుగు సినిమా వస్తే మొదటి వారంలోనే చూసేస్తారు. అక్కా, ముందు మీ కుక్క పేరు చెప్పండి.

అక్క: పేరు చెప్పను తమ్ముడూ, ఏమీ అనుకోకు. బయట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే దాని ధ్యాస అటు పోతుంది. మెట్ల మీద ఉన్నప్పుడు అలా జరిగితే పడేది నేను. నల్ల లాబ్రడార్, ఆడది. అంతవరకే.

హోస్ట్: సరే అక్కా. ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

అక్క: మోరిస్‌టౌన్‌లో ది సీయింగ్ ఐ అని ఉంది, 1929లో మొదలైన సంస్థ. కుక్కకు వాళ్ళు నేర్పిస్తే సరిపోదు. మనం కూడా అక్కడే ఉండి, దానితో నడవడం నేర్చుకోవాలి.

హోస్ట్: హాలు దగ్గర ఎప్పుడూ ఆపలేదా?

అక్క: ఆపారు. అదీ రిలీజ్ రోజున. టికెట్ చూపించాక ఒక అబ్బాయి "కుక్కకి కాగితాలున్నాయా" అన్నాడు. వెనక లైనంతా మనవాళ్ళే. లోపల ఈలలు మొదలయ్యాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

హోస్ట్: కాగితాలు అడగొచ్చా అసలు?

అక్క: అడగకూడదు. ఇక్కడ అమెరికాలో ఏడీఏ అని, వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం 1990 నాటి చట్టం ఉంది. కుక్క ఎందుకో చూస్తే తెలియనప్పుడు రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా, ఏ పని నేర్పించారు అని. అదనంగా డబ్బు తీసుకోకూడదు. పక్కవాళ్ళకు భయం, అలర్జీ అని ఆపకూడదు. కుక్క అల్లరి చేసి, నేను అదుపు చేయలేకపోతే మాత్రం బయటికి పంపొచ్చు. అది న్యాయమే. చివరికి మేనేజర్ వచ్చి లోపలికి పంపాడు. కానీ హీరో ఎంట్రీ అయిపోయింది. ఆ అరుపుల మధ్య కూర్చోవాలనే కదా నేను వెళ్ళింది! ఇప్పటికీ బాధే.

హోస్ట్: ఆ గోల కుక్కకు ఇబ్బంది కాదా?

అక్క: దాని చెవులు మనకంటే చాలా సున్నితం. అందుకే ఇప్పుడు ఆదివారం మ్యాట్నీకి వెళ్తున్నా, స్పీకర్లకు దూరంగా. అసలు నా టెన్షన్ రిక్లైనర్ సీట్లతో. కాళ్ళ దగ్గర పలక పైకి లేస్తుంది చూడు, దాన్ని దించేటప్పుడు కింద తోక గానీ పాదం గానీ ఉంటే నలిగిపోతుంది. అందుకే కూర్చోగానే వంగి, చేత్తో సీటు కింద తడుముతా. తోక ఎక్కడుంది, పాదాలు ఎక్కడున్నాయి అని. పక్క సీటువాళ్ళకు కూడా "బటన్ నొక్కేముందు ఒక్క మాట చెప్పండి" అంటా. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

హోస్ట్: మూడు గంటలు ఊరికే పడుకుంటుందా?

అక్క: వెళ్ళేముందు బయట ఒంటికీ రెంటికీ తిప్పి తీసుకొస్తా. లోపల హార్నెస్, అంటే నేను పట్టుకుని నడిచే పిడి ఉన్న పట్టీ, తీసి, తాడు నా చెప్పు కింద పెట్టుకుంటా. ఒకసారి పక్క బాబు పాప్‌కార్న్ మొత్తం దాని మూతి ముందు ఒలకబోశాడు. నేను చెయ్యి పెట్టి చూశా. మూతి అటు తిప్పేసి, నా మడమకు ఆనించి ఊపిరి పీలుస్తోంది. ఒక్క గింజ ముట్టలేదు! నాకు ఎంత ముద్దొచ్చిందో.

హోస్ట్: మరి తెర మీద ఏం జరుగుతోందో?

అక్క: దృశ్యాల్ని మాటల్లో చెప్పే హెడ్‌సెట్లు హాళ్ళు ఉంచాలని 2016లో ఇక్కడ నిబంధన వచ్చింది. కానీ సినిమా తీసినవాళ్ళు ఆ వ్యాఖ్యానం రికార్డు చేసి ఇస్తేనే దాంట్లో వినిపించేది. నేను చూసిన తెలుగు సినిమాలకు దొరకలేదు. మా ఆయనే చెవిలో చెబుతాడు, ఫైట్లు వస్తే పాపం అలిసిపోతాడు. మన నిర్మాతలు ఎవరైనా వింటుంటే, దయచేసి దాని మీద కాస్త ఖర్చు పెట్టండి.

హోస్ట్: సినిమా అయ్యాక?

అక్క: జనం అంతా వెళ్ళేదాకా ఆగుతాం. హార్నెస్ తగిలించగానే లేచి ఒళ్ళు దులుపుకుంటుంది. తలుపు వెతకమంటా. తిన్నగా తీసుకెళ్తుంది.