టీచరమ్మ సొంతింటికి ఊరి పూచీ

శ్రోతలకు నమస్కారం.

2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులకు ప్రకటన వచ్చింది. అందులో మన కర్నూలు జిల్లా వాటా పెద్దదే. అలా ఉద్యోగం వచ్చిన పిల్లల్లో కొందరు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు లాంటి పడమటి మండలాల బడుల్లో చేరారు. పాఠాలు బాగా చెబుతున్నారు. సాయంత్రం నాలుగున్నరకల్లా బస్సో షేర్ ఆటోనో పట్టుకుని ఊరు దాటిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఉండటానికి ఇల్లెక్కడుంది?

టీచర్ దగ్గర్లో కాపురముంటే ఏమవుతుందో పడమటి మండలాల్లో ఎవరినడిగినా చెబుతారు. పత్తి పనులు అయిపోగానే ఇక్కడి కూలీ కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. పిల్లల్నీ వెంటబెట్టుకుని పోతాయి. ‘బిడ్డను తీసుకుపోవద్దమ్మా, సీజనల్ హాస్టల్లో పెట్టండి’ అని ఆ తల్లికి నచ్చజెప్పాలంటే ఆమె చేను నుంచి తిరిగొచ్చాకే మాట్లాడాలి. అప్పటికి సారు బస్సెక్కేసి ఉంటాడు. కాబట్టి టీచర్ ఇంటి సంగతి పిల్లల చదువు సంగతి కూడా. ఊరికీ ఇందులో పట్టింపు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

సొంతిల్లు ఎక్కడ ఆగిపోతోంది? నెలనెలా కట్టే కంతు దగ్గర ఆగుతోందని చాలామంది అనుకుంటారు. ఒకసారి లెక్క వేద్దాం. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో 25 లక్షల ఇల్లు అనుకోండి. 30 లక్షల లోపు అప్పయితే బ్యాంకు ఇంటి విలువలో నూటికి 90 వంతుల వరకు ఇవ్వొచ్చు. అంటే 22 లక్షల 50 వేలు. మిగతా రెండున్నర లక్షలు మన చేతి నుంచి పెట్టాలి. పైన రిజిస్ట్రేషన్ ఉంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపితే మన రాష్ట్రంలో నూటికి ఏడున్నర. దస్తావేజులో 25 లక్షలు చూపిస్తే 1,87,500 రూపాయలు. రెండూ కలిపి 4,37,500. తాళంచెవి చేతికి రాకముందే ఇంత రొక్కం కావాలి.

కొత్తగా చేరిన ఎస్జీటీ, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్, మూలవేతనం 32,670 రూపాయలు. డీఈడీ ఫీజులకు, కోచింగ్‌కు చేసిన అప్పులు తీరక ముందే ఈ రొక్కం ఎక్కడి నుంచి తెస్తారు? చాలాసార్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. దానికి వడ్డీయే నెలకు 8,750. బ్యాంకు అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే కంతు సుమారు 19,500. కంతు ఒక్కటే అయితే ఎలాగో ఈదగలరు. బయటి అప్పు తోడయితేనే ఇల్లు మెడకు చుట్టుకుంటుంది.

ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వడ్డీ రాయితీ ఉంది. దేశంలో ఎక్కడా ఆ కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. రాయితీ మొత్తం గరిష్ఠంగా లక్షా 80 వేలు. మంచి పథకం, అర్హులు తప్పకుండా దరఖాస్తు పెట్టుకోండి. కానీ ఆ డబ్బు ఐదు ఏడాది వాయిదాల్లో అప్పు ఖాతాలోకి వస్తుంది. మొదటిరోజు కావాల్సిన రొక్కానికి అక్కరకు రాదు. 2004 సెప్టెంబరు నుంచి చేరి సీపీఎస్, అంటే ఉద్యోగి వాటా కట్టే కొత్త పెన్షన్ పద్ధతి, కిందికి వచ్చిన టీచర్లకు పాతవాళ్లలాగా పీఎఫ్ తీసి ఇల్లు కట్టుకునే వెసులుబాటూ లేదు.

ఆ నాలుగు లక్షల దగ్గరే ఊరు చెయ్యి వేయాలి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మన రాష్ట్రంలో ఉంది. దాని కింద టీచర్లు సంఘం పెట్టుకుని, నెలనెలా పొదుపు చేసుకుని, సభ్యులకే తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చుకోవచ్చు. ఈ పని మన పల్లెల్లో పొదుపు సంఘాల అక్కలు ఏళ్ల తరబడి చేసి చూపిస్తున్నారు. బడిలో తమ బిడ్డలకు చదువు చెప్పే టీచరుకు ఆ అక్కలు లెక్కల పుస్తకం తెరిచి చూపిస్తే చాలు. మూలధనానికి పూర్వ విద్యార్థులు తోడు రావాలి. బెంగళూరు, హైదరాబాదుల్లో స్థిరపడినవాళ్లు హైస్కూలు సమ్మేళనాలకు వస్తారు, శాలువాలు కప్పుతారు. ఆ ఖర్చులో సగం ఏటా నిధికి చేరినా అప్పు అడిగే తర్వాతి టీచరుకు దారి దొరుకుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఎవరూ ఒక టీచరు చేతికి నేరుగా డబ్బు కానుకగా ఇవ్వకూడదు. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964 దానికి ఒప్పుకోదు. స్థిరాస్తి కొనేముందు శాఖకు తెలియజేయాలి కూడా. విరాళం సంఘానికి పోవాలి, సంఘం అందరికీ ఒకే షరతుతో అప్పు ఇవ్వాలి, ఆ అప్పు తిరిగి రావాలి.

షరతు ఎలా ఉండాలి? అమెరికాలో కేంద్ర గృహనిర్మాణ శాఖ తన చేతిలోని కొన్ని ఇళ్లను టీచర్లకు, పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి సగం ధరకే ఇస్తుంది. బాగుపడాల్సిన పేటలుగా గుర్తించిన చోట్ల ఉన్న ఇళ్లు అవి. కొన్నవాళ్లు 36 నెలలు అదే ఇంట్లో కాపురముండి తీరాలి. సగం ధర మన వల్ల కాదు గానీ, ఆ కాపురం షరతు నాకు నచ్చింది. మన దగ్గర ఎనిమిదేళ్లకు టీచరుకు బదిలీ తప్పదు కాబట్టి పనిచేసే పల్లెలోనే కట్టుకోమనడం న్యాయం కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ లాంటి చోట్ల ఉంటే చుట్టుపక్కల ఏ మండలానికి వేసినా సాయంత్రం తల్లిదండ్రుల్ని కలిసి ఇంటికి చేరొచ్చు. కర్నూలు నుంచి ఆదోనికే దాదాపు నూరు కిలోమీటర్లు, కర్నూలులో ఉండి రోజూ వచ్చేవాళ్లకు అది సాధ్యం కాదు.

అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ పల్లెల్లో పేద కుటుంబాలకు వేల ఇళ్లు కట్టించింది, వాటిని ఇంటి ఆడవాళ్ల పేరున పెట్టింది. నలుగురూ కలిస్తే మన సీమలో ఇళ్లు లేస్తాయనడానికి వేరే రుజువు అక్కర్లేదు. సామానుకూ కొదవ లేదు. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, ఎర్రగుంట్ల సిమెంటు మన ఇంటి ముందరివే. పదిమంది కలిసి లారీ లోడు తెప్పించుకుంటే బేరం తెగుతుంది.

ప్రైవేటు బడుల టీచర్ల మాట మరీ బాధ కలిగిస్తుంది. చిన్న బడుల్లో చాలాచోట్ల జీతం నోట్లుగా చేతికిస్తారు, స్లిప్పు ఉండదు. స్లిప్పు లేని జీతం బ్యాంకు కంటికి ఆనదు. యాజమాన్యాలకు నా మనవి: జీతం బ్యాంకు ఖాతాలో వేయండి. మీకు పైసా ఖర్చు లేని పని, ఆ టీచరమ్మకు అప్పు పుట్టే పని.

ఆఖరుగా కాగితాల సంగతి. లేఅవుట్ అనుమతి ఉందా, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తాకట్టు కనిపిస్తోందా, లింకు దస్తావేజులు, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి కాగితాలు, వరసగా ఉన్నాయా అన్నది చూడకుండా బయానా ఇవ్వకండి. కొత్త టీచరుకు ఇవి చూడటం రాకపోవచ్చు. మీ ఊళ్లో రిటైరైన సబ్ రిజిస్ట్రారో, బ్యాంకు మేనేజరో, ప్లీడరో ఉంటే ఆదివారం ఒక గంట బడి వరండాలో కూర్చుని ఆ కాగితాలు చూసిపెట్టమని అడగండి. సంఘం రిజిస్టరయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు, ఈ ఒక్కటి వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

నమస్కారం.