ఈ నెలలో మనకు నచ్చిన పాటలేవో తేల్చుకోవడం ఎలా?

నమస్కారం. ఈ నెలలో నాకు బాగా నచ్చిన పాటలను ఎంపిక చేసి, అరగంటకు మించని ఒక ప్లేలిస్టుగా పేర్చడం ఈ వీడియోలో మీ ఎదుటే చేసి చూపిస్తాను. నా పాటలు మీకూ నచ్చాలన్న పట్టింపు నాకు లేదు. అయితే నెల పొడవునా చెవిన పడిన వందల పాటల్లో మనసుకు నిజంగా పట్టినవి ఏవో, పదే పదే వినబడడం వల్ల నచ్చినట్టు అనిపించినవి ఏవో విడదీసే పద్ధతి ఎవరికైనా పనికి వస్తుంది.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నది ఈ నెల నేను విన్న పాటల లెక్క. అన్నిటికంటే పైన ఉన్న పాట 41 సార్లు మోగింది. నెలకు ఇష్టమైన పాట ఇదేనని చాలామంది ఇక్కడే తేల్చేస్తారు. నేను ఈ అంకెను నమ్మను. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు మోగితే చాలు, దానిని ఒకసారి విన్నట్టుగా లెక్కిస్తారు. మనం ఫోను బల్ల మీద పెట్టి పక్క గదిలో బట్టలు మడత పెట్టుకుంటున్నా ఆ లెక్క పెరుగుతూనే ఉంటుంది. పైగా, మనం కోరిన పాట అయిపోగానే యాప్ తనంతట తాను మరో పాటను అందుకుంటుంది. రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రచురించిన పరిశోధనలో, అర్థం లేని పదాలైనా, ముక్కూ మొహం తెలియని వారి ఫోటోలైనా, ఎక్కువసార్లు ఎదురైన కొద్దీ మనుషులకు వాటిపై ఇష్టం పెరుగుతుందని చూపించారు. పాటల విషయంలోనూ ఇదే జరుగుతుంది కనుక, ఆ 41 అనే అంకెలో నా ఇష్టం ఎంత, అలవాటు ఎంత అన్నది నాకే తెలియదు.

అందుకే నేను చిన్న నోటు పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. ఏదైనా పాటను యాప్ వినిపించకుండా, నాకై నేను వెతుక్కుని పెట్టుకున్న రోజున, ఆ పాట పేరు ఎదురుగా తేదీ వేసి టిక్కు పెడతాను. ఒకే రోజు పదిసార్లు విన్నా ఒకే టిక్కు. నెలాఖరుకు వేర్వేరు రోజుల్లో మూడు టిక్కులు పడిన పాటలే పరిశీలనకు వస్తాయి. ఈ నెల అలా 26 పాటలు నిలిచాయి. ఇందాక చూసిన 41 సార్ల పాటకు రెండే టిక్కులు ఉన్నాయి కాబట్టి అది ఇక్కడే తప్పుకుంది.

పోల్చి వినడానికి ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పాటలన్నిటి శబ్ద తీవ్రతను ఒకే స్థాయికి తెచ్చే నార్మలైజేషన్‌ను ఆన్ చేస్తున్నాను. స్పాటిఫైలో దీని సాధారణ స్థాయి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే శబ్ద తీవ్రతకు కొలమానం). ఈ అడుగు చాదస్తంలా అనిపించవచ్చు కానీ, దీనిని దాటవేస్తే మిగతా శ్రమంతా వృథా అవుతుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి మంద్ర స్వరాలు సరిగా అందవని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అందువల్ల ఒకే పాటను కాస్త పెంచి వినిపించినా అది మరింత నిండుగా ఉన్నట్టు తోస్తుంది. బిగ్గరగా రికార్డు చేసిన పాట పక్కన మెత్తని పాట వెలవెలబోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ 26 పాటల్లో ఒకటి కేవలం ఒక స్త్రీ గొంతు, ఒక బేస్ గిటార్, బ్రష్‌లతో మెల్లగా వాయించిన డ్రమ్స్‌తో సాగుతుంది. 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర, రెండో చరణం ముగియగానే వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో గాయని ఊపిరి తీసుకున్న చప్పుడును తుడిచివేయకుండా అలాగే ఉంచారు. తరువాత పల్లవిని తాళం కంటే ఒక వెంట్రుకవాసి వెనుకగా ఎత్తుకుంటుంది. అర సెకను కూడా లేని ఆ జాగు వల్ల, అప్పటికే రెండుసార్లు విన్న పల్లవి మాటలు ఆమెకు అప్పుడే తట్టినట్టు వినిపిస్తాయి. నిరుడు ఇదే పాటను నార్మలైజేషన్ లేకుండా ఒక హోరు పాట తరువాత విని, చప్పగా ఉందని పక్కన పెట్టేశాను.

మిగిలిన ప్రతి పాటకూ ఇలాగే ఒక వాక్యం రాస్తాను. ఆ వాక్యంలో ఏ నిమిషంలో, ఏ సెకను దగ్గర, ఏమి జరిగిందో ఉండాలి. "అద్భుతం", "మనసును తాకింది" వంటి మాటలు చెల్లవు. సరిగ్గా ఫలానా చోటని వేలు పెట్టి చూపలేని పాటను తీసేస్తాను. ఈ నియమం కొంచెం కఠినమే. మొత్తంగా హాయిగా సాగే పాటలకు దీనివల్ల అన్యాయం జరుగుతుందని ఒప్పుకుంటాను.

ఇక నిడివి. 78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో పది అంగుళాల పళ్లెం ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది. 1963లో వచ్చిన క్యాసెట్లలో సీ-60 రకానికి ఒక్కో వైపు 30 నిమిషాలు దక్కేవి. స్ట్రీమింగ్‌లో అటువంటి అంచు లేదు, అంచు లేని చోట ఎంపిక కూడా ఉండదు. ఒకప్పుడు నేను నలభై పాటలతో చేసిన జాబితాను మళ్లీ ఒక్కసారి కూడా తెరవలేదు. అందుకే క్యాసెట్టు ఒక వైపు కొలతనే పెట్టుకున్నాను.

వరుస పేర్చేటప్పుడు ఒక పాట చివరి 20 సెకన్లనూ తరువాతి పాట మొదటి 20 సెకన్లనూ కలిపి వినండి. రెండో పాట శ్రుతి అర స్వరం పైన ఉంటే, గాయకుడు శుద్ధంగా పాడుతున్నా మొదటి పాదం అపశ్రుతిలా వినిపించవచ్చు. అప్పుడు మధ్యలో వాయిద్యాలతో మొదలయ్యే పాటను ఉంచితే చెవి సర్దుకుంటుంది. ఒక పాట ముగుస్తుండగానే తరువాతి పాటను దాని మీదుగా మొదలుపెట్టే క్రాస్‌ఫేడ్‌ను 12 సెకన్ల వరకు పెట్టుకునే వీలున్నా, నేను సున్నా దగ్గరే ఉంచుతాను, ఎందుకంటే ఆగిపోతున్న గిటార్ తీగ చివరి కంపనం మీద మరొకరి గొంతు పడడం నాకు సహించదు.

ఇప్పటికి ఎనిమిది పాటలతో 26 నిమిషాల 40 సెకన్లు అయ్యాయి. మిగిలిన చోటుకు 3 నిమిషాల 5 సెకన్ల పాట ఒకటి చక్కగా సరిపోతుంది. అయితే నాకు కావలసింది 4 నిమిషాల 40 సెకన్ల మరో పాట. దానికోసం మూడో స్థానంలో ఉన్న 2 నిమిషాల 10 సెకన్ల పాటను తొలగిస్తున్నాను. దాని ఎదురుగా రాసిన వాక్యం నిజానికి మొదటి నుంచీ కాస్త బలవంతంగానే ఉంది. మొత్తం 29 నిమిషాల 10 సెకన్లు, ఎనిమిది పాటలు. నెల పేరూ సంవత్సరమూ శీర్షికగా పెట్టి, షఫుల్ ఆపి, మొదటి పాటను మొదలు పెడుతున్నాను.