ఓట్లు ఎక్కువ, సీట్లు తక్కువ

శ్రోతలకు నమస్కారం.

2018 నవంబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. గవర్నరు పదవి డెమొక్రటిక్ పార్టీకి దక్కింది. రాష్ట్రమంతా కలిసి ఓటేసే అటార్నీ జనరల్ లాంటి మిగతా పదవులు కూడా ఆ పార్టీవే అయ్యాయి. అసెంబ్లీకి పోలైన ఓట్లలో సగానికి పైగా దానికే పడ్డాయి. తీరా చూస్తే 99 సీట్ల అసెంబ్లీలో దానికి వచ్చినవి 36. రిపబ్లికన్లకు 63.

డెమొక్రటిక్ పార్టీ వైపు మొగ్గే అమెరికా ఉదారవాదుల కోపాన్ని ఓడినవాళ్ళ ఉక్రోషంగా కొట్టిపారేసేవాళ్ళు ఈ అంకెలు ఒకసారి చూడాలి. ఓడిపోతే అయిదేళ్ళో నాలుగేళ్ళో ఆగి మళ్ళీ ప్రయత్నిస్తాం. ఓట్లు గెలిచినా సీట్లు రాకపోతే పౌరుడు ఇంకెక్కడికి వెళ్ళాలి?

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తేలాక నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీయాలి. మన దేశంలో ఆ పని డీలిమిటేషన్ కమిషన్‌ది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో శాసనసభ్యులే తమ హద్దులు తామే గీసుకుంటారు. పొలం గట్టు జరిపేవాడి చేతికే కొలత గొలుసు ఇచ్చినట్టు. 2010 ఎన్నికల్లో విస్కాన్సిన్ ఉభయ సభలూ, గవర్నరు పదవీ రిపబ్లికన్ల చేతికి వచ్చాయి. మరుసటి ఏడాది కొత్త మ్యాపు తయారైంది, అదీ శాసనసభ భవనంలో కాదు, దాని ఎదుట ఉన్న ఒక లాయర్ల ఆఫీసులో. తన నియోజకవర్గం ఎలా మారిందో చూడాలన్నా సభ్యుడు ముందు రహస్యం బయటపెట్టనని సంతకం చేయాల్సి వచ్చింది.

లెక్క చాలా తేలిక. 500 మంది ఓటర్లు, 5 నియోజకవర్గాలు, ఒక్కోదానిలో వందమంది అనుకోండి. ఒక పార్టీకి 270 మంది, రెండోదానికి 230 మంది మద్దతుదారులు. ఇప్పుడు మొదటి పార్టీ వాళ్ళను రెండు నియోజకవర్గాల్లో తొంభై చొప్పున కుక్కండి. అక్కడ అది భారీ మెజారిటీతో గెలుస్తుంది, కానీ గెలుపుకు 51 చాలు కాబట్టి తక్కిన ఓట్లన్నీ వృథా. మిగిలిన 90 మందిని మూడు నియోజకవర్గాలకు ముప్ఫై చొప్పున చెదరగొట్టండి. మూడింటిలోనూ 70కి 30 తేడాతో ఓటమి. నూటికి 54 ఓట్లు తెచ్చుకున్న పార్టీకి రెండు సీట్లు, 46 తెచ్చుకున్న పార్టీకి మూడు. ఒకచోట కుక్కడం, మిగతాచోట్ల చెదరగొట్టడం, మొత్తం కిటుకు ఇంతే. దీన్ని జెర్రీమాండరింగ్ అంటారు. 1812లో మసాచుసెట్స్ గవర్నరుగా ఉన్న ఎల్బ్రిడ్జ్ జెర్రీ పేరు మీద పుట్టిన మాట ఇది. ఆనాడు చేతితో గీశారు. ఈనాడు పాత ఎన్నికల ఫలితాలన్నీ కంప్యూటర్లో పెట్టి వీధి వీధికీ లెక్క కడతారు.

కోర్టుకు వెళ్ళవచ్చు కదా అంటారా? వెళ్ళారు. 2016 నవంబరులో ముగ్గురు ఫెడరల్ జడ్జీల ధర్మాసనం ఆ మ్యాపు చెల్లదంది. 2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. మీ సొంత నియోజకవర్గంలో మీకు జరిగిన నష్టం మీరు రుజువు చేయలేదని ఫిర్యాదుదారులను వెనక్కి పంపింది. 2019 జూన్ 27న నార్త్ కరోలినా, మేరీల్యాండ్ కేసుల్లో తలుపే మూసేసింది. ఇలాంటి గీతలు ప్రజాస్వామ్యానికి పొసగవని ఒప్పుకుంటూనే, తేల్చడం ఫెడరల్ కోర్టుల పని కాదని అయిదుగురు జడ్జీలు చెప్పారు. నలుగురు విభేదించారు. మేరీల్యాండ్ గీతలు గీసింది డెమొక్రాట్లేనని కూడా చెప్పాలి. ఆ తప్పుకు ఉదారవాదులూ సమాధానం చెప్పుకోవాల్సిందే.

ఆ అయిదో ఓటు వచ్చిన దారి చూడండి. 2016 ఫిబ్రవరిలో ఆ కోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా చనిపోయారు. మార్చిలో అధ్యక్షుడు ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపారు. ఇది ఎన్నికల ఏడాది అంటూ సెనేట్‌లో మెజారిటీ నాయకుడు, రిపబ్లికన్ మిచ్ మెకానెల్ ఆ పేరు మీద విచారణే జరపలేదు. 293 రోజులు గడిచి ఆ పేరు మురిగిపోయింది. 2017లో అదే కుర్చీలో నీల్ గోర్సచ్ కూర్చున్నారు. 2019 తీర్పులో ఆయన ఓటు ఆ అయిదింటిలో ఉంది. 2020 సెప్టెంబరులో జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోయినప్పుడు మాత్రం ఎన్నికల ఏడాది అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. పోలింగుకు ఎనిమిది రోజుల ముందు ఎమీ కోనీ బారెట్ నియామకాన్ని సెనేట్ ఆమోదించింది. మన సుప్రీంకోర్టు జడ్జి 65 ఏళ్ళకు దిగిపోతారు. అక్కడ జీవితకాల పదవి. ఒక్క కుర్చీ తారుమారైతే ముప్ఫై ఏళ్ళు తేడా పడుతుంది.

2022 జూన్‌లో ఆ కోర్టు గర్భస్రావం హక్కును కొట్టేసింది. విస్కాన్సిన్‌లో 1849 నాటి చట్టం మళ్ళీ తల ఎత్తింది. ఏడాదికి పైగా అక్కడి డాక్టర్లు ఆ సేవ ఆపేశారు. ఆ చట్టం మార్చాలంటే అప్పట్లో అసెంబ్లీ కావాల్సి వచ్చింది. అసెంబ్లీ హద్దుల సంగతి ఇందాకే చెప్పుకున్నాం.

ఇవన్నీ జనానికి చెప్పాల్సినవాళ్ళు తగ్గిపోతున్నారు. 2005 తర్వాత అమెరికాలో మూడోవంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి. పోయినవి ఎక్కువగా చిన్న ఊళ్ళ పత్రికలు, అంటే రాష్ట్ర రాజధానిలో ఎవరు ఏ గదిలో ఏం గీస్తున్నారో రాసేవి. వాటి చోటును కేబుల్ ఛానళ్ళు నింపాయి. రేడియో, టీవీల్లో రెండు వైపుల వాదనా వినిపించాలన్న పాత నియమం 1987లో రద్దయింది. దాన్ని మళ్ళీ తెస్తే అన్నీ చక్కబడతాయని చాలామంది ఉదారవాదులు నమ్ముతారు. నాకు ఆ ఆశ లేదు. ఆ నియమం గాలి తరంగాల మీద నడిచే స్టేషన్లది, కేబుల్‌కు వర్తించేది కాదు. 2023లో ఓటింగ్ యంత్రాల మీద చేసిన అసత్య ప్రచారానికి ఫాక్స్ న్యూస్ ఛానల్ 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ పని చేయించింది పాత పరువునష్టం చట్టమే.

విస్కాన్సిన్‌లో తాళం తెరుచుకుంది మరో చోట. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు, పదేళ్ళ పదవి, ఎన్నుకునేది ప్రజలు. 2023 ఏప్రిల్‌లో జానెట్ ప్రొటసేవిచ్ 11 శాతం తేడాతో గెలవడంతో మెజారిటీ ఉదారవాదుల వైపు మారింది. నియోజకవర్గం ఒకే ముక్కగా ఉండాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది, సగానికి పైగా నియోజకవర్గాలు తెగిపోయిన ముక్కలతో ఉన్నాయి. ఆ కారణంతో డిసెంబరు 22న అప్పటికి అమల్లో ఉన్న మ్యాపు కొట్టేశారు. 2024లో కొత్త మ్యాపు మీద ఎన్నికలు జరిగాయి. రిపబ్లికన్లు 54, డెమొక్రాట్లు 45. మెజారిటీ రిపబ్లికన్లదే, కానీ ఈసారి అది ఓట్లకు దగ్గరగా ఉంది.

జడ్జీలను ఎన్నికల్లో నిలబెట్టడం నాకు ఇష్టమైన పద్ధతి కాదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ ఒక్క జడ్జి కుర్చీకి రెండు వైపులా కలిపి పది కోట్ల డాలర్లు దాటి ఖర్చయింది. అయినా ఇప్పటికి ఆ రాష్ట్ర పౌరుడి చేతిలో పనిచేస్తున్న పరికరం ఇదే. అక్కడ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకు ఒక మాట. జడ్జి ఎన్నిక నవంబరులో రాదు, ఏప్రిల్ మొదటి మంగళవారం వస్తుంది. ఇల్లు మారితే కొత్త చిరునామాతో మళ్ళీ నమోదు కావాలి. చిరునామా రుజువు తీసుకెళితే పోలింగు రోజున కేంద్రంలోనే నమోదు చేస్తారు. ఓటేయడానికి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వేరుగా చూపాలి.