రాయి తీశావా?

(రావులపాలెంలో లారీ డ్రైవర్లు, ఓనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. డ్రైవరు సోదరులకు, క్లీనరు తమ్ముళ్లకు, ఓనరుగార్లకు, పని మానుకుని వచ్చిన అరటి, కొబ్బరి వ్యాపారులకు పేరుపేరునా నమస్కారం.

నేను 28 ఏళ్లు లారీ నడిపాను. అంబాజీపేట కొబ్బరికాయలు, ఇక్కడి అరటి గెలలు, ఆకివీడు చేపలు, మండపేట బియ్యం వేసుకెళ్లేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఏ లోడు దొరికితే అది. నడుము నొప్పి వచ్చాక స్టీరింగు వదిలేసి హైవే పక్కన టీ కొట్టు పెట్టుకున్నాను. రాత్రి పది నుంచి తెల్లారేదాకా మా కొట్టు ముందు బండ్లు ఆగుతూనే ఉంటాయి. ఎవరు ఎలా ఆపుతున్నారో, ఎవరు ఎవరితో గొడవ పడుతున్నారో, ఎవరు దిగి పక్కవాడికి సాయం చేస్తున్నారో రోజూ చూస్తున్నాను. రోడ్డు భద్రత గురించి మాట్లాడమని మీరు నన్ను పిలిచారు. బండి నడపడం గురించి చెప్పడానికి నాకంటే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బండి ఆపడం గురించి చెబుతాను.

మన దగ్గర ఆపుకోవడానికి చోటు ఎందుకు కరువో మీకు తెలిసిందే. రాయలసీమలో రోడ్డు దిగితే గట్టి నేల తగులుతుంది. ఇక్కడ దిగితే వరిచేను, లేకపోతే కాలువ, అదీ కాకపోతే చేపల చెరువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. మన లోపలి రోడ్లు చాలావరకు ఆ కాలువ గట్లే. గట్టు మీద తారు పడింది గానీ పక్కకు జరగడానికి జాగా ఎక్కడిది? పైగా ఒండ్రు నేల. శ్రావణ మాసంలో లోడు బండి ఎడమ చక్రాలు తారు దిగాయంటే కూరుకుపోవడమే. రాజోలు వైపు ఒకసారి నా బండి అలా దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగేసరికి మధ్యాహ్నం అయింది. పెద్ద హైవే మీద పరిస్థితి కొంత నయం. అక్కడైనా జొన్నాడ దగ్గర గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన ఉన్నాయి. వంతెన మీద ఆపకూడదు, వంతెన ఎక్కే చోటా ఆపకూడదు. ఊళ్లు, బస్టాపులు, స్కూళ్లు, ఆసుపత్రులు తీసేయండి. ఇక మిగిలేవి బంకులు, దాబాలు, సర్వీసు రోడ్డులో కొద్దిపాటి ముక్కలు.

అందుకే నేను ఆ చోటును దాళ్వాలో, అంటే రెండో పంటలో, కాలువ నీళ్లతో పోలుస్తాను. నీళ్లు తక్కువైన ఏడాది వంతులవారీగా వదులుతారు కదా. ఎగువ రైతు తన వంతు అయ్యాక కూడా తూము తెరిచి ఉంచితే శివారు చేను ఎండిపోతుంది. మీలో సగం మంది రైతుబిడ్డలే. వంతు అంటే ఏమిటో, శివారు రైతు గుండె ఎలా కొట్టుకుంటుందో మీ ఇళ్లలో చూసే ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఆపుకున్న బండి ఎగువ చేను లాంటిది. బరంపురం నుంచి నిద్ర ఆపుకుంటూ రెండింటికి వచ్చిన బండి శివారు చేను. వాడికి చోటు దొరక్కపోతే ఏం చేస్తాడు? ముందుకు నడుపుతాడు. నిద్రలో నడుపుతాడు. లేదా తెల్లగీత మీదే, సగం రోడ్డులోకి, లైట్లు ఆర్పేసి ఆపి పడుకుంటాడు. పొగమంచు రోజుల్లో ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు గుద్దిందని పేపర్లో చదువుతుంటాం. ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. వాడికి ఇంకో కిలోమీటరు వెనక ఎవరైనా నలభై అడుగుల చోటు ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని.

నలభై అడుగులు ఇవ్వడం కష్టమేమీ కాదు. మా కొట్టు ముందు వరసగా ఆపితే ఎనిమిది బండ్లు పడతాయి. మొదటివాడు మధ్యలో ఆపి వెళ్లి భోజనానికి కూర్చుంటే ఐదే పడతాయి. వచ్చినవాడు చివరిదాకా వెళ్లి ఆపాలి, అంతే. ముందు బండికీ మనకూ మధ్య, స్టీరింగు ఒక తిప్పు తిప్పి బయటపడేంత ఖాళీ వదలాలి. అంతకు మించి అక్కర్లేదు, అంతకు తగ్గకూడదు. తగ్గితే నిద్రపోతున్నవాణ్ణి లేపాలి. ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపి పడుకున్న మనిషిని గంటకే లేపడం ఎంత పాపమో మనకు తెలుసు.

దిగగానే పక్కవాణ్ణి అడగాల్సిన మాట ఒకటుంది. "అన్నా, ఎప్పుడు లేస్తావ్?" నేను బండెక్కిన కొత్తలో మా గురువుగారు నాకు నేర్పిన మొదటి మాట అదే. గేర్లు మార్చడం కూడా తర్వాతే నేర్పారు. మూడింటికి లేచేవాడు లోపల ఇరుక్కుని, ఏడింటికి లేచేవాడు దారికి అడ్డంగా ఉంటే ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు. ముందే అడిగితే రెండు నిమిషాల్లో బండ్లు అటూ ఇటూ మారతాయి. ఒరియా డ్రైవరైనా, బెంగాలీ అయినా, పంజాబీ అయినా చేతి వేళ్లతో టైము చూపిస్తే అర్థమవుతుంది. బాలాసోర్‌లో నాకు ఒక్క ముక్క ఒరియా రాని రోజుల్లో అక్కడివాళ్లు నాకలాగే దారి ఇచ్చారు. మన గట్టు మీదకొచ్చిన పైరాష్ట్రం బండిని చూసి మొహం తిప్పుకునే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

లోడు కూడా చూడాలి. ఆకివీడు, భీమవరం వైపు నుంచి వచ్చే చేపల బండిలో ఐసు కరిగిపోతుంటుంది. హౌరా మార్కెట్టు వెయ్యి కిలోమీటర్లకు పైనే. అరటి గెలల బండికి కూడా ఎండెక్కితే నష్టం. సిమెంటు, ఇటుక, ఇనుము రెండు గంటలు ఆగినా ఏమీ కాదు. కాబట్టి ఐసు బండికి బయటి చోటు వదలండి. ఐసు బండి సోదరులకు కూడా ఒక మాట. మీ బండి నుంచి కారే నీళ్లు హోటలు గుమ్మం ముందుకో, పక్కవాడు చాప వేసుకునే చోటుకో రాకుండా చూసుకోండి. పల్లంగా ఉన్న చివర ఆపుకోండి. కూలింగు మిషను పెట్టిన రొయ్యల కంటైనరైతే రాత్రంతా మోగుతూనే ఉంటుంది, అది ఇంకా దూరంగా ఉండాలి. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. మే నెలలో క్యాబిన్‌లో ఉడికిపోయిన మనిషిగా చెబుతున్నాను. అయితే పడుకున్నప్పుడు కూడా ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెడితే, ఆ పొగా మోతా కిటికీ తెరిచి పడుకున్న పాత బండివాడి మొహాన కొడతాయి. మీరు ఏసీ వేసుకుని పడుకోవాలంటే మీ పొగ గొట్టం ఎటు ఉందో ఒకసారి దిగి చూడండి.

చోటు పట్టి ఉంచే అలవాటు ఒకటి వచ్చింది. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, వెనక వస్తున్న తమ బండి కోసం డబ్బా పెట్టో, తాడు కట్టో జాగా ఆపుతున్నారు. అది గంటసేపు ఖాళీగా ఉంటుంది. ఈలోగా నాలుగు బండ్లు చూసి వెళ్లిపోతాయి. రోడ్డు పక్క జాగా ముందు వచ్చి ఆగినవాడిది, లేచేదాకా మాత్రమే. ఫోను చేసి ఆపించుకునేది కాదు.

వంట సంగతి ఒక్క మాటలో చెబుతాను. గ్యాసు ట్యాంకరో, పెట్రోలు ట్యాంకరో పక్కన ఉంటే స్టవ్ వెలిగించకండి, బీడీ కూడా వెలిగించకండి. ట్యాంకరువాళ్లు కూడా జనం మధ్యకు తెచ్చి ఆపకండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో పైపులైను గ్యాసు లీకై అంటుకున్న రోజు కోనసీమ మర్చిపోలేదు.

ఇక నేను అసలు చెప్పాలని వచ్చిన సంగతి.

బండి ఆగిపోతే, టైరు పంచరైతే, చక్రం కింద రాయి పెడతాం. వెనకాల నాలుగు పెద్ద రాళ్లు, ఒక చెట్టు కొమ్మ పెడతాం. ఎర్ర త్రికోణం బోర్డు చాలామంది దగ్గర ఉండదు, ఉన్నా సీటు కింద ఎక్కడో ఉంటుంది. రాళ్లు పెట్టడం తప్పు కాదు. బండి లేచాక ఆ రాళ్లు ఎవరు తీస్తారు?

చాలా ఏళ్ల కిందట, తణుకు దాటాక ఒక తెల్లవారుజామున నా బండికి పంచరైంది. వెనక రాళ్లు పెట్టాం. స్టెప్నీ మార్చేసరికి ఓనరుగారి నుంచి కబురు, మార్కెట్టు టైము దాటిపోతోందని. గబగబా జాకీ తీసి, సామాను పడేసి బయల్దేరాం. రాళ్లు అక్కడే ఉండిపోయాయి. మూడో రోజు తిరుగు ప్రయాణంలో అదే చోట టీ తాగడానికి ఆగాను. కొట్టువాడు మాటల్లో చెప్పాడు. పాలు పోసే పెద్దాయన సైకిలు మీద వస్తూ చీకట్లో రాయి తగిలి పడ్డాడట. భుజం ఎముక విరిగిందట. పాలు రోడ్డంతా పారాయట. "ఏ లారీవాడో పెట్టి పోయాడు" అన్నాడు. నేను తల వంచుకుని టీ తాగాను. ఆ లారీవాణ్ణి నేనేనని చెప్పలేదు. ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో అడగలేదు. డబ్బులిచ్చి నా బండి కదిలించుకుని వచ్చేశాను. ఇన్నాళ్లలో నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ సిగ్గుపడేది దానికే. రాళ్లు మర్చిపోవడం ఒక తప్పు, ఆ ఇంటికి వెళ్లకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఆ తర్వాత నా బండిలో ఒక పద్ధతి పెట్టాను. క్లీనరు "రైట్" అనే ముందు నేను "రాయి తీశావా?" అని అడగాలి. తీశానని వాడు చెప్పాకే గేరు వేయాలి. రాత్రైనా, వానైనా, ఓనరు ఫోను మోగుతున్నా అంతే. ఇప్పుడు చాలా బండ్లలో క్లీనరు లేడు, డ్రైవరు ఒక్కడే. అలాంటప్పుడు పక్క బండివాడు అడగాలి. ఒంటరి డ్రైవరు రివర్సు తీసుకుంటుంటే దిగి వెనక నిలబడి, బాడీ మీద చెయ్యి తట్టి దారి చూపించాలి. కాలువ గట్టు మీద వెనక ఏముందో అద్దంలో కనబడదు. నా రాళ్ల బదులు రెండు చెక్క దిమ్మలు చేయించి తాడు కట్టి బండికే వేలాడదీశాను. తాడు ఉంటే మర్చిపోలేం. పెద్ద ఖర్చు కూడా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను, బండిని ఇతరులకు ప్రమాదం కలిగేలా వదిలిపెట్టకూడదని చెబుతుంది. చట్టం ఉన్నా లేకపోయినా ఆ సైకిలు పెద్దాయన అక్కడ ఉన్నాడు కదా.

రైతు సోదరులు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మొదటి పంట సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. వేరే కళ్లం లేక, వాన భయంతో చేస్తారని మాకు తెలుసు. ధాన్యం చుట్టూ రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తేశాక ఆ రాళ్లు కూడా ఎత్తేయండి. డ్రైవరు సోదరులు ధాన్యం ఉన్న చోట బండి ఆపే ముందు రైతును అడగండి. ధాన్యం కింది పట్టాలు గానీ పరదాలు గానీ లాగి జాగా ఇస్తారు. ఒక్కసారి చక్రం గింజల మీదకెక్కితే ఆ నూక ఆయన ఇంటి నష్టం.

కాలువ దగ్గర బండి ఆపినప్పుడు కూడా ఇదే మాట. మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువ నీళ్లతోనే. అందులో బండి కడగకండి, ఆయిలు మార్చి పారబోయకండి. ఆడవాళ్లు నీళ్లకొచ్చే రేవు ఎదురుగా బండి ఆపి స్నానాలకు దిగకండి. ఆ ఊరివాళ్లు రేపు అక్కడ లారీ ఆగనివ్వం అంటే, ఆ చోటు మనందరికీ పోయినట్టే.

ఓనరుగార్లకు ఒక విన్నపం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది. మన దగ్గర ఎవరూ అలా నడపడం లేదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. కనీసం జీపీఎస్‌లో బండి ఆగినట్టు కనిపించిన వెంటనే ఫోను చేయకండి. ఆ టెన్షన్‌లోనే నేను రాళ్లు వదిలేశాను. మంచి చోటు వదిలేసి ముందుకు పోయి, చీకట్లో అడ్డదిడ్డంగా ఆపిన డ్రైవర్లలో చాలామంది ఆ ఫోనుకు భయపడినవాళ్లే. మీ స్థలాలు హైవే పక్కన ఖాళీగా ఉంటే, రాత్రిపూట గేటు తీసి నాలుగు బండ్లను లోపలికి రానివ్వండి. ఒక లైటు, ఒక కుళాయి చాలు.

నా దగ్గర ఇంకా చెప్పడానికి ఉంది గానీ ఇప్పుడే ఒక తమ్ముడు చీటీ పంపాడు. బయట సర్వీసు రోడ్డు మీద మన బండ్ల మధ్య ఒక చేపల బండి ఇరుక్కుందట, పన్నెండింటికి బయల్దేరాలట. ముందు ఆపిన రెండు పదహారు టైర్ల బండ్ల డ్రైవర్లు ఇక్కడే ఉంటే దయచేసి లేవండి. వెళ్లేటప్పుడు చక్రాల కింద రాళ్లు చూసుకోండి, సైకిళ్లు అటే వస్తున్నాయి.