ఎత్తుగా నిలిచిన ఒక్క డై
(శ్రీకాకుళంలో జాతీయ ఫార్మసీ వారోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. పరిచయం చేసిన మాస్టారు పెద్ద పెద్ద మాటలన్నారు. నేను మందుబిళ్ళలు కొట్టే మెషిన్ మీద పనిచేసినవాణ్ణి. మొదట జీడిమెట్లలో, తరవాత మన పైడిభీమవరం, రణస్థలం వైపు ఫ్యాక్టరీలు వచ్చాక ఇక్కడ. ‘ఫార్మా రంగంలో ఉపాధి అవకాశాలు’ మీద మాట్లాడమన్నారు. దానికి వస్తాను. ముందు డై గురించి, అంటే పొడి బిళ్ళగా మారే అచ్చు గురించి చెప్పాలి. ఎవరూ చెప్పడం లేదు గనక నేను చెప్పాలి.

రోటరీ కంప్రెషన్ మెషిన్ నడుమ గుండ్రంగా తిరిగేది టరెట్. దాని చుట్టూ డైలు కూర్చునే గుంటలుంటాయి, డై పాకెట్లంటాం. ఒక్కో పాకెట్‌లో ఒక్కో డై, అంటే మధ్యన రంధ్రమున్న ఉక్కు దిమ్మ. డైలకు కొలతల రకాలుంటాయి, టూలింగ్ అంటాం. ‘బి’ టూలింగ్‌లో దాని బయటి వ్యాసం 30.16 మిల్లీమీటర్లు, ‘డి’ టూలింగ్‌లో 38.10. పొడి ఆ రంధ్రంలో పడుతుంది, పై పంచ్, కింది పంచ్ అనే రెండు ఉక్కు కడ్డీలు కలిసి నొక్కుతాయి, కింది పంచ్ పైకి లేచి బిళ్ళను తోస్తుంది. డై కదలకుండా టరెట్ పక్కనుంచి ఒక స్క్రూ బిగిస్తాం. డై లాక్ స్క్రూ. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ స్క్రూ గురించే.

ఈ పద్ధతి పాతదే. 1843లో ఇంగ్లండులో విలియం బ్రాకెడన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. ఆయన చిత్రకారుడు కూడా. పెన్సిళ్ళకు మంచి గ్రాఫైటు కావాలని పొడిని డైలో పోసి నొక్కే ఉపాయం పట్టారు. అదే పేటెంటులో మందుబిళ్ళలు కూడా ఉన్నాయి. బొమ్మలు గీసే మనిషి వెతుకులాట మనింటి మందుల డబ్బా దాకా వచ్చింది! పిల్లలూ, వీలైతే ఆయన గురించి చదవండి.

సరే, డైని పాకెట్లోకి దించడం. ముందు పాకెట్ తుడవాలి. పాత బ్యాచ్ పొడి అడుగున గట్టిపడి ఉంటే డై పూర్తిగా కిందికి దిగదు. లాక్ స్క్రూ బాగా వెనక్కి తిప్పి ఉంచాలి, లేకపోతే దిగే డైకి అది గీరుకుంటుంది. పై పంచ్ గైడు రంధ్రంలోంచి డై రాడ్డు దించి, డైని నిటారుగా, మెల్లగా కొట్టి కూర్చోబెట్టాలి. తరవాత ఎత్తు తేడా చూపే డయల్ గేజ్ పెట్టి చూడాలి. టరెట్ పై మట్టానికి డై సమంగా ఉండాలి, వెంట్రుకవాసి కూడా పైకి రాకూడదు. స్క్రూలన్నీ మొదట తేలిగ్గా బిగించి, ఆ తరవాతే బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో మెషిన్ తయారీదారు చెప్పిన లెక్కకు బిగించాలి. మళ్ళీ గేజ్ పెట్టాలి. బిగించేటప్పుడు డై కదులుతుంది కాబట్టి ఈ రెండో చూపు తప్పనిసరి. దీన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

బలమంతా పెట్టి బిగిస్తే మంచిదనుకుంటారు కుర్రాళ్ళు. కాదు బాబూ. మితిమీరి బిగిస్తే డై రంధ్రం గుండ్రం తప్పుతుంది, పంచ్ పట్టేస్తుంది, బిళ్ళ పెచ్చులూడుతుంది. తక్కువ బిగిస్తే, కింది పంచ్ బిళ్ళను పైకి తోసిన ప్రతిసారీ ఆ రాపిడి డైని కూడా కాస్త పైకి ఈడుస్తుంది. అందుకే మెషిన్ కొంతసేపు నడిచాక ఆపి మళ్ళీ చూడాలి. స్క్రూ మొన అరిగి పువ్వులా విచ్చుకుందంటే అది ఇంక బిగువు ఆపదు, పారేయండి. కొత్త స్క్రూకు ఇండెంటు, అంటే కావాలని రాసిచ్చే కాగితం, పెట్టమంటే మొహం చిట్లించే స్టోర్స్ వాళ్ళుంటారు. పెట్టండి.

ఇప్పుడు లెక్క చూడండి. 45 స్టేషన్ల, అంటే 45 డైల మెషిన్, నిమిషానికి 30 చుట్లు. నిమిషానికి 1,350 బిళ్ళలు. అందులో ఒక్క డై ఎత్తుగా నిలిస్తే, పొడి నింపే ఫీడర్ కింద నుంచి అది గంటకు 1,800 సార్లు రుద్దుకుంటూ పోతుంది. పాత మెషిన్లలో ఆ ఫీడర్ ఫ్రేము కంచుది. రాలిన లోహం ఎక్కడికి పోతుంది? బిళ్ళలోకి.

ఇది నేను చూశాను. ఫ్యాక్టరీ పేరు వద్దు. ఆ రాత్రి, ఒక మందు అయ్యాక మెషిన్ శుభ్రం చేసి ఇంకో మందుకి అమర్చే చేంజోవర్‌కి ఇవ్వాల్సిన సమయం ఇవ్వలేదు. లారీ వచ్చి నిలబడింది, కొట్టేయండి అన్నారు. బిన్లు మార్చే కాంట్రాక్టు కుర్రాడొకడు, లావేరు వైపు వాడు, తెల్లబిళ్ళల మీద పచ్చటి మెరుపు చూశాడు. “సార్, బిళ్ళ మీద పసుపు సుక్కలు కనబడతన్నాయండి” అన్నాడు. “నీ పని బిన్లు మార్చడం, అది చూసుకో” అన్నారు. వాడు ఊరుకోలేదు. నాలుగు బిళ్ళలు కవర్లో వేసుకుని క్వాలిటీ అమ్మాయి దగ్గరికెళ్ళి చూపించాడు. ఆమె మెషిన్ ఆపించింది. పొద్దున నేను షిఫ్టుకొచ్చి డై తీశాను. పాకెట్ అడుగున పాత పొడి పేరుకుని ఉంది, స్క్రూ మొన విచ్చుకుపోయింది.

రిపోర్టులో ఏం రాశారో తెలుసా అమ్మా? ‘ఆపరేటర్ తప్పిదం’. సమయం ఇవ్వలేదని ఒక్క ముక్క లేదు. స్క్రూ మార్చమని ఆపరేటర్ పెట్టిన ఇండెంటు కాగితం మాట లేదు. ఆ కుర్రాణ్ణి మెచ్చుకోలేదు సరిగదా, ఆ నెలాఖరుకి కాంట్రాక్టరు పనిలోకి రానివ్వలేదు. బ్యాచ్‌ని ఆపినవాడు వాడు! మళ్ళీ చెబుతున్నాను, ఆపినవాడు వాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

ఉద్దానం పిల్లలు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? కవిటి, సోంపేట, కంచిలి? చేతులెత్తండి. మీ ఊళ్ళలో కిడ్నీ జబ్బు పడ్డ ఇళ్ళు మీకు తెలుసు. ఆ ఇళ్ళలో పెద్దాయన బిళ్ళ నోట్లో వేసుకునేటప్పుడు దాని మీద చుక్క ఉందా అని చూడడు. చూడనక్కరలేదు కూడా. అది మన పని.

ఉపాధి అవకాశాలన్నారు కదా. ఉన్నాయి. 2023 చివర్లో మందుల తయారీ నిబంధనలుండే షెడ్యూల్ ఎం సవరించారు, ఫ్యాక్టరీల మీద నిబంధనలు గట్టిపడ్డాయి, పని తెలిసినవాళ్ళు కావాలి. ఉద్యోగంలో చేరినప్పుడు మూడు మాటలు అడగండి. చేంజోవర్‌కి ఎంత సమయం ఇస్తారు? లాక్ స్క్రూలు ఎన్నాళ్ళకు మారుస్తారు? మెషిన్ ఆపమనే హక్కు హెల్పరుకు ఉందా? ఇంటర్వ్యూలో ఎలా అడుగుతామంటారేమో. చేరాక మొదటి వారంలో అడగండి.

ప్రిన్సిపాల్ గారూ, మీకో మనవి. ఇక్కడి పిల్లలు టరెట్‌ని పుస్తకంలో బొమ్మగానే చూస్తున్నారు. ఏదైనా ఫ్యాక్టరీ పక్కన పడేసిన పాత మెషిన్ ఒకటి తెప్పించండి. తిరక్కపోయినా ఫరవాలేదు, డై దించడం, బిగించడం, గేజ్ పెట్టడం చేతికొస్తే చాలు. వారానికో పూట నేను వచ్చి నేర్పుతాను, డబ్బు వద్దు.

టీ వచ్చిందంటున్నారు, రెండు నిమిషాలు ఆగండి. ఈ సంచిలో నాలుగు డైలు, నాలుగు లాక్ స్క్రూలు తెచ్చాను. అరిగినవీ ఉన్నాయి, మంచివీ ఉన్నాయి, కలిపేశాను. పదిమంది చొప్పున ముందుకు రండి. చేత్తో తడిమి, ఏది పారేయాలో మీరే చెప్పండి. వెనక వరస నుంచి మొదలుపెడదాం, రండమ్మా.