ఈస్ట్‌కి ఏ పక్క ముందు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని నాకో చీటీ ఇచ్చారండి, ఇప్పటికే ముగ్గురు చదివేశారు కాబట్టి జేబులో పెట్టేసుకుంటున్నా, ఏమీ అనుకోకండి. నాకిచ్చిన టాపిక్ ఈస్ట్ కణాల్లో పోలారిటీ. నిజం చెప్పాలంటే నేను వచ్చింది మాత్రం ఒక బొమ్మ మీద కోపంతో.

మీకూ తెలిసిన బొమ్మే. గుండ్రంగా ఒక గీత, మధ్యలో న్యూక్లియస్, ఆ గీతకి బాణం పెట్టి "కణత్వచం" అని రాస్తాం చూడండి, అదే. ఆ గీత ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. ఒకమ్మాయి ల్యాబ్‌లో ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్‌లో ఈస్ట్‌ని చూసి, చూసింది చూసినట్టు ఆ గీతని చుక్కలు చుక్కలుగా గీసి పరీక్షలో పెట్టింది. మార్కులు కోసేసి పక్కన ఎర్ర ఇంకుతో "నీట్‌గా లేదు" అని రాశారు. దిద్దిందెవరో నాకు తెలుసు, చెప్పను. ఆ సంగతి మళ్లీ వస్తా, ముందు టాపిక్.

సాకరోమైసిస్ సెరివిసియే, కణం సుమారు 5 మైక్రాన్లు. కాళ్లూ లేవు తోకా లేదు, కదలదు. కానీ తిండి బాగా దొరికితే గంటన్నరకోసారి ఒంటి మీద ఒకచోట చిన్న మొగ్గ లేస్తుంది, అదే పెరిగి పిల్ల కణం అవుతుంది. ఒక్కటే మొగ్గ అండి, ఒకేసారి రెండు లేవవు. గుండ్రటి దానికి ముందేది వెనకేది, మరి ఆ ఒక్క చోటుని ఎవరు తేలుస్తారు?

1970ల మొదట్లో లీలాండ్ హార్ట్‌వెల్ వేడి పెంచితే విభజన ఆగిపోయే మ్యూటెంట్లని వెతికి పట్టుకున్నాడు, ఆయనకి 2001లో నోబెల్ వచ్చింది. వాటిలో సీడీసీ24 అని ఒకటుంది, వేడి చేస్తే మొగ్గ వేయదు, అన్ని వైపులా ఉబ్బుతూ పోతుంది, లోపల న్యూక్లియస్‌లు మాత్రం రెండవుతాయి, నాలుగవుతాయి. పెరగడం ఆగలేదు, ఎటు పెరగాలో తెలియడం పోయింది. సీడీసీ42 పాడైనా ఇదే వరస. ఇది 191 అమినో ఆమ్లాల చిన్న ప్రోటీన్, దీని చుట్టూనే కథంతా. మన ఒంట్లోనూ ఉంది, దాదాపు 80 శాతం అదే, మనిషిది తీసుకెళ్లి ఈస్ట్‌లో పెట్టినా పని జరిగిపోతుంది. "ఈస్ట్ మీద పని చేస్తే ఏం లాభం" అని అడిగేవాళ్లకి ఇది చాలు, ఇంకా కావాలంటే కాండిడా ఫంగస్ పోగుల్లా సాగడానికి కూడా ఇదే కావాలి.

సీడీసీ42కి జీటీపీ తగులుకుంటే ఆన్, అది జీడీపీ అయిపోతే ఆఫ్. ఆన్ చేసేది సీడీసీ24. ఆన్ అయినది బెమ్1 అనే ప్రోటీన్ ఉన్న గుంపుని తన దగ్గరికి లాక్కుంటుంది, ఆ గుంపులో సీడీసీ24 కూడా ఉంటుంది, వచ్చినది పక్కవాటిని ఆన్ చేస్తుంది, అవి ఇంకొన్నిటిని పిలుస్తాయి. ఒక్క నిమిషం, మీరే చూడండి, ఈ హాల్లో ఒకరు ఊరికే తలెత్తి పైకప్పు వంక చూశారనుకోండి, పక్కాయన చూస్తాడు, తర్వాత ఆ వరసంతా చూస్తుంది. అదిగో, వెనక ఇద్దరు చూసేశారు! పైన ఏమీ లేదండీ.

మామూలుగా ఎక్కడ మొదలెట్టాలో పాత మొగ్గ మచ్చ దగ్గరి గుర్తులు చెప్తాయి, ఆ కబురు మోసేది బడ్1. హాప్లాయిడ్ అయితే కిందటి మచ్చ పక్కనే, డిప్లాయిడ్ అయితే ఈ కొసనో ఆ కొసనో. బడ్1ని తీసేస్తే మొగ్గ ఆగిపోవాలి కదా? ఆగదు! ఎక్కడో ఒకచోట వేస్తుంది, అప్పుడూ ఒక్కటే. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. రెండు మూడు చోట్ల మొదలైనా బెమ్1, సీడీసీ24 కణంలో కొంచెమే ఉంటాయి కాబట్టి పెద్ద గుంపు చిన్నవాటి నుంచి లాగేసుకుంటుంది, చివరికి ఒక్కటే మిగులుతుంది. తేడా లేని చోట తేడా తనంతట తనే ఎలా పుడుతుందో అలన్ ట్యూరింగ్ 1952లోనే లెక్కలు వేసి చూపించాడు, ఈస్ట్ సంగతి తెలియకుండానే.

చోటు తేలాక ఆక్టిన్ తీగలు అటు తిరుగుతాయి, వాటి మీద మయో2 అనే మోటారు సరుకు నిండిన వెసికిల్స్‌ని లాక్కెళ్తుంది, అవి అక్కడ పొరలో కలుస్తాయి. మరి పొర ద్రవంలాంటిది కదా, అక్కడ దించిన ప్రోటీన్లు చుట్టూ పాకిపోవా? పాకుతాయి, కానీ ఈస్ట్ పొరలో అవి చాలా మెల్లగా కదులుతాయి, ఈలోపు పక్కకి జారినవాటిని ఎండోసైటోసిస్ లోపలికి లాగి మళ్లీ ముందుకి పంపుతుంది. అంటే ఆ ముందు వైపు అనేది ఒకసారి కట్టి వదిలేసింది కాదు, పంపడం ఆపితే చెదిరిపోతుంది. మొగ్గ మెడ దగ్గర సెప్టిన్ల ఉంగరం, తల్లి పొరలో ఉన్నవి పిల్లవైపు అంత తేలిగ్గా దాటకుండా.

ఇప్పుడు ఆ అమ్మాయి చుక్కల సంగతి. అవి ఐసోజోములు అండి, 2006లో ఆ పేరు పెట్టారు. పిల్1 అనే ప్రోటీన్ పొరని లోపలికి నొక్కి చిన్న చాళ్లు చేస్తుంది, లోతు 50 నానోమీటర్లకి అటూఇటూ. పిల్1కి పచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించి చూస్తే కణం అంచు గీతలా ఉండదు, తెగి తెగి పచ్చ చుక్కల్లా ఉంటుంది, చూస్తూ కూర్చున్నా ఆ చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. అర్జినైన్‌ని లోపలికి తెచ్చే కాన్1 ఎక్కువగా ఆ చుక్కల్లోనే పోగవుతుంది, ప్రోటాన్ పంపు పీఎంఏ1 చుక్కల మధ్య ఖాళీల్లో. రెండూ ఒకే పొర, కానీ వాటాలు వేరు. చిన్న మొగ్గలో అయితే చుక్కలే ఉండవు, కాస్త పెద్దదయ్యాకే మొదలవుతాయి.

ఆ అమ్మాయి బొమ్మలో మొగ్గ ఖాళీగా ఉంది! తల్లి నిండా చుక్కలు పెట్టి మొగ్గని వదిలేసింది, దిద్దినాయన పూర్తి చేయలేదనుకుని ఇంకో మార్కు కోశాడు. మీలో టీచర్లు ఎంతమంది? చెయ్యెత్తండి ఒకసారి. పిల్లలు మైక్రోస్కోప్‌లో చూసి గీసింది పుస్తకంలో బొమ్మలా లేకపోతే ఎర్ర పెన్ను పక్కన పెట్టండి, వాళ్లు చూసిన స్లైడ్ మీరూ ఒకసారి చూడండి, తర్వాత కోసుకోండి కావాలంటే.

ఫాస్ఫాటిడైల్‌సెరైన్ గురించి కూడా చెప్దామనుకున్నా, టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది, ఈ చీటీ మాత్రం జేబులో పెట్టుకోలేను. పక్క గదిలో కాల్కోఫ్లోర్ వేసిన స్లైడ్ పెట్టాం, మొగ్గ మచ్చలు ఉంగరాల్లా నీలంగా కనిపిస్తాయి, ఒక కణం మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఎన్నిసార్లు మొగ్గ వేసిందో తెలుస్తుంది. వెలుగు పడేకొద్దీ రంగు వెలిసిపోతుంది కాబట్టి ముందు పిల్లల్ని పంపండి, పెద్దలు తర్వాత.