ఉప్పు బోరు కింద బీన్స్ (అనంతపురం దగ్గర రైతుల మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. మైక్ గీ పెడ్తాంది, ఏమనుకోవద్దండి. పొద్దున వస్తా వస్తా ఒకన్న చేన్లో ఆగినా, బీన్స్ ఆకుల అంచులు అగ్గి తగిలినట్టు మాడిపోయినాయి, డ్రిప్పర్ల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకోనుంది, ఆయనేమో తెగులనుకోని రెండుసార్లు మందు కొట్టినాడంట. తెగులు కాదన్నా అది, బోరు నీళ్లు.

మన అలసంద మొండిది, మట్టి ఈసీ, అంటే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 4.9 దాకా ఓర్చుకుంటాది. బీన్స్‌కి 1 దాటితేనే దిగుబడి పడేది మొదలు, ఆ పైన ఒక్కో పాయింట్‌కీ దాదాపు 19 శాతం పోతాది. ఎందుకంటే ఉప్పులో ఉండే సోడియం వేరు కణాల పొరలో కాల్షియంని లేపేసి ఆ సీట్లో టవలేసి కూర్చుంటాది, పొర వదులైపోయి లోపలి పొటాషియం కారిపోతాది, సోడియం ఆకుల్లోకి ఎక్కుతాది. వేరు చుట్టూ కాల్షియం బాగుంటే సోడియం దూరే దారులు చాలావరకు మూసుకుంటాయి, దూరిందాన్ని బయటికి తోసే పంపు ఆన్ కావాలన్నా సిగ్నల్ కాల్షియందే. 1969లోనే కాలిఫోర్నియాలో ఎప్‌స్టీన్, లహే అని ఇద్దరు బీన్స్ మొక్కల్ని లీటరుకి 3 గ్రాముల ఉప్పున్న నీళ్లలో వారం పెట్టి చూసినారు, అందులో కాస్త కాల్షియం సల్ఫేట్, అంటే మన జిప్సమే, ఉన్నవి నిక్షేపంగా ఉన్నాయి, తక్కువైనవి మాడినాయి.

జిప్సం మనకి కొత్తేం కాదు, శెనక్కాయకి ఊడలు దిగేటప్పుడు ఎకరాకి 200 కిలోలు వేసేవాళ్లమే. కానీ చౌడులో దాని పని వేరే, మట్టిని పట్టుకోనుండే సోడియంని వదిలించాల, వదిలింది నీళ్లతో కిందికి దిగిపోవాల, లేకుంటే చేన్లోనే తిరుగుతాంటాది. అందుకే సోడియం మట్టిని పట్టుకోనుండే కారు చౌడుకైతే జిప్సం, ఉత్త ఉప్పు పేరుకున్న పాల చౌడుకి ముందు మంచి నీళ్లు కట్టి కడగాల్సిందే. కాల్షియం ఉండే సున్నపు రాళ్లు నేలలోనే ఉన్నాయి కదా సార్ అంటారు, ఉన్నాయి, కారు చౌడులో అవి కరగవు. ఎంత వేయాలో మట్టి పరీక్ష చెప్తాది, షాపాయన కాదు.

కాల్షియంని ఆకుల మీద కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. కాల్షియం వేరు నుంచి పైకి పోతాదే గానీ ఆకు నుంచి కిందికి దిగదు. డ్రిప్పులో ఇవ్వాలంటే కాల్షియం నైట్రేట్, దాంతో 12-61-0 అనే భాస్వరం ఎరువు గానీ సల్ఫేట్ ఎరువులు గానీ ఒకే డ్రమ్ములో కలపొద్దు. నేనే ఒకసారి కలిపినా, పాలు విరిగినట్టు తెల్లగా అడుగున కూర్చుంది, రెండు రోజులు పిన్నీసుతో డ్రిప్పర్లు పొడుచుకుంటా కూర్చున్నా, మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తాంటాది.

సరే, బోరు నీళ్లు బాటిల్లో తెచ్చినోళ్లు ముందుకి రాండి, ఈసీ మీటర్ తెచ్చినా.